'ఇన్ మై స్కిన్'లో ఎస్తేర్‌కు ఏమైందో చెప్పకపోవడం సినిమాకు బలమా, లోపమా?

చీకటిహాలు అడిగిన ప్రశ్న:

ఫ్రెంచి దర్శకురాలు మరీనా ద వాన్ తానే రాసి, తానే దర్శకత్వం వహించి, ప్రధాన పాత్రలోనూ తానే నటించిన 'ఇన్ మై స్కిన్' (2002) సినిమాను ఈమధ్యే చివరిదాకా చూడగలిగాను. అంతకుముందు సగంలో ఆపేశాను. దయ్యాల సినిమాలైనా, నరుకుళ్ల సినిమాలైనా అర్ధరాత్రి ఒంటరిగా చూడడం అలవాటున్న నాకు ఇది మాత్రం ఎందుకింత కష్టమైందో తెలుసుకోవాలని అడుగుతున్నాను. కథలోని ముఖ్యమైన మలుపులు కింద చెప్పాను కనుక, సినిమా చూడనివారు ఆ సంగతి గమనించి చదవగలరు.

ఎస్తేర్‌కు మంచి ఉద్యోగం ఉంది, అందులో పైకి వస్తోంది. ప్రేమించే స్నేహితుడు విన్సెంట్ ఉన్నాడు, ఇద్దరూ కలిసి ఉండడానికి ఇల్లు చూసుకుంటున్నారు. ఒక రాత్రి ఎవరింట్లోనో జరిగిన పార్టీలో పెరటి చీకట్లోకి వెళ్లి తట్టుకొని పడుతుంది. కాలికి పెద్ద గాయమవుతుంది, కానీ ఆ సంగతి ఆమెకు చాలాసేపటికి, అదీ నెత్తురు కనబడ్డాక గాని తెలియదు. ఇంత గాయమైతే నొప్పి ఎలా తెలియలేదని ఆశ్చర్యపోయిన డాక్టరు, ఈ కాలు అసలు మీదేనా అని పరిహాసమాడతాడు. అక్కడినుంచి ఆమెకు తన శరీరం మీద ఒక విచిత్రమైన ఆసక్తి మొదలవుతుంది, గాయాన్ని మాననివ్వదు, కొత్తవి చేసుకుంటుంది, అందరి దగ్గరా దాస్తుంది.

నా ఇబ్బంది ఇది. మన 'చంద్రముఖి'లో గంగకైనా, 'అపరిచితుడు'లో రామానుజానికైనా ఒక కారణం ఉంటుంది, చివర్లో ఒక డాక్టరు వచ్చి జబ్బుకు పేరు పెట్టి మనందరికీ విడమరచి చెబుతాడు. ఎస్తేర్‌కు అలాంటి గతం ఏదీ చూపించలేదు. తల్లిదండ్రుల ప్రస్తావనను కారణమనలేం, ఎవరూ హింసించలేదు, అందంగా లేనన్న బెంగ కూడా లేదు. ఇది దర్శకురాలి ధైర్యమా, లేక రాయలేక వదిలేసిన ఖాళీయా? రెండో సందేహం: ఇంతకు పదింతల నెత్తురున్న 'ది సబ్‌స్టెన్స్' (2024) నేను పాప్‌కార్న్ తింటూ చూశాను. మరి దీన్ని ఎందుకు చూడలేకపోయాను?


నలుపుతెలుపు ఇచ్చిన జవాబు:

మీ రెండో సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు అందులోనే ఉందని నా నమ్మకం.

'ది సబ్‌స్టెన్స్' చూస్తున్నంతసేపూ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో మనకు తెలుసు. దాని నాయిక, టీవీ తార ఎలిజబెత్ స్పార్కల్‌ను యాభై దాటిందని తీసిపారేసిన టీవీ పెద్దమనిషి రొయ్యలు నములుతుంటే, దర్శకురాలు కొరలీ ఫర్జా కెమెరాను అతని నోటి ముందే పెడుతుంది. రంగులు కళ్లు చెదిరేలా ఉంటాయి, కటకాలు ముఖాలను సాగదీస్తాయి, మందు వల్ల పుట్టిన యువ శరీరాన్నీ పాత శరీరాన్నీ వారం వారం మార్చుకోవాలన్న నియమం జానపద కథల్లోని షరతులా వినబడుతుంది. షరతు ఉందంటే అది తప్పుతుందనీ, తప్పితే శిక్ష పడుతుందనీ మనకు ముందే తెలుసు కదా. పతాక సన్నివేశంలో నెత్తురు గొట్టాలతో చిమ్మే వేళకు అది భయం దాటి వెక్కిరింత అయిపోతుంది. మేకప్‌కు ఆస్కార్ రావడం న్యాయమే, కానీ ఆ మేకప్పే మనల్ని కాపాడుతుంది కూడా. ఇది బొమ్మ అని మన మనసుకు తెలుస్తూనే ఉంటుంది.

ఆ సినిమాలో నన్ను నిజంగా కుదిపేసిన సన్నివేశంలో చుక్క నెత్తురు లేదు. చిన్ననాటి పరిచయస్థుడిని కలవడానికి తయారైన ఎలిజబెత్, గడప దాటబోయి వెనక్కి వచ్చి, అద్దం ముందు నిలబడి వేసుకున్న రంగంతా చేత్తో రుద్ది రుద్ది తుడిచేసుకుంటుంది. ఆ రాత్రి ఆమె వెళ్లనే లేదు. 'ఇన్ మై స్కిన్' మొదటినుంచి చివరిదాకా ఆ స్థాయిలోనే నడుస్తుంది, అందుకే మీరు ఆపేయవలసి వచ్చింది.

ఇంకొక తేడా ఉంది. సొంత శరీరంతో యుద్ధం చేసే సినిమాల్లో ఎక్కువభాగం ఇతరుల చూపు చుట్టూ తిరుగుతాయి. 'బ్లాక్ స్వాన్' (2010)లో నీనాకు తల్లి చూపు, బ్యాలే దర్శకుడి చూపు, పోటీకి వచ్చిన అమ్మాయి చూపు, వీటన్నిటికీ సరితూగాలన్న తపన ఉంటుంది. ఎస్తేర్‌కు అలాంటి పరీక్ష ఏదీ లేదు. ఆమె తన శరీరాన్ని ద్వేషించదు. దాన్ని కనిపెట్టాలనుకుంటుంది. ఆమె ముఖంలో మనకు కనిపించేది బాధ కాదు, ఏకాగ్రత. కొన్నిచోట్ల మురిపెం కూడా కనిపిస్తుంది. తనను తాను అసహ్యించుకునే మనిషిని చూస్తే జాలి పడగలం, కుతూహలంతో తనను తాను విప్పి చూసుకునే మనిషిని ఏమి చేయాలో మనకు తెలియదు.

ఆఫీసు వారి విందు సన్నివేశం మళ్లీ ఒకసారి చూడండి. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు లోకాభిరామాయణం మాట్లాడుకుంటుంటారు. ఎస్తేర్‌కు తన ముంజేయి తెగి బల్ల మీద వేరుగా పడి ఉన్నట్టు కనబడుతుంది. ఇది భ్రమ. 'బ్లాక్ స్వాన్'లో నీనా వేలి చర్మం ఊడివచ్చినట్టు కనబడి, మరుక్షణం ఏమీ కాలేదని తేలితే మనం ఊపిరి పీల్చుకుంటాం. ఇక్కడ ద వాన్ ఆ వరసను తలకిందులు చేసింది. భ్రమ తొలగి చేయి యథాస్థానంలో కనబడ్డాకే అసలు సంగతి మొదలవుతుంది, ఆ చేయి తనదేనని రుజువు చేసుకోవడానికి ఆమె బల్ల కింద చేసే పని భ్రమ కాదు. పైన మాటలు ఆగవు, ఎవరూ గమనించరు. నా దృష్టిలో గత పాతికేళ్ల యూరప్ హారర్‌లో ఇంతకంటే జాగ్రత్తగా కట్టిన సన్నివేశాలు అరుదు.

కారణం సంగతికి వస్తే, ద వాన్ దాన్ని వదిలేయలేదు, కావాలనే పక్కన పెట్టింది. ఆమెకు ఎనిమిదేళ్ల వయసులో కారు కాలి మీదుగా వెళ్లింది. విరిగిన ఆ కాలు తన శరీరంలో భాగంలా కాక ఒక వస్తువులా తోచిందని తరువాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. కావాలంటే ఆ ప్రమాదాన్నే ఎస్తేర్ గతంగా పెట్టి, ఒక చిన్న ఫ్లాష్‌బ్యాక్‌తో మనందరినీ ఊరడించి పంపవచ్చు. అలా చేసి ఉంటే ఎస్తేర్ ఒక కేసు అయ్యేది, మనం కేసు చూసిన డాక్టర్లలా ఇంటికి వెళ్లేవాళ్లం. దర్శకురాలే నటి కావడం కూడా ఇక్కడ కేవలం ఖర్చు తగ్గించే ఏర్పాటు కాదు. తన శరీరాన్ని తానే ఫ్రేములో పెట్టి, ఎక్కడ వెలుగు పడాలో, ఎంత కనబడాలో నిర్ణయించే పనికీ, ఎస్తేర్ హోటల్ గదిలో చేసే పనికీ మధ్య దూరం చాలా తక్కువ.


బెజవాడ ప్రేక్షకురాలు ఇచ్చిన జవాబు:

నలుపుతెలుపు గారి విందు సన్నివేశ విశ్లేషణతో ఏకీభవిస్తాను. మిగతాదానితో ఏకీభవించలేను.

కారణం చెప్పకపోతే లోతు వస్తుందన్నది విమర్శకులకు సౌకర్యంగా ఉండే నమ్మకం. ఖాళీ వదిలితే ఎవరికి తోచింది వారు నింపుకోవచ్చు, దర్శకురాలు దేనికీ బాధ్యత వహించనక్కరలేదు. ఆఫీసు జీవితం మనిషిని యంత్రం చేస్తోందన్న సూచన సినిమాలో ఉంది, కానీ ఎస్తేర్ ఉద్యోగం ఎప్పుడూ ఫైళ్లు, మీటింగులు, కాపలా కాసే పై అధికారి దాటి ముందుకు పోదు. స్నేహితురాలు సాండ్రిన్ అసూయను మొదట్లో ఆసక్తిగా ఎత్తుకొని తరువాత దాదాపు వదిలేసింది. ఈ లోపాలన్నిటినీ మౌనం పేరుతో మెచ్చుకోవడం నాకు నచ్చదు. 2004లో జేమ్స్ క్వాంట్ అనే విమర్శకుడు ఆర్ట్‌ఫోరమ్ పత్రికలో ఈ తరహా ఫ్రెంచి సినిమాలన్నిటినీ ఒక గాటన కట్టి 'న్యూ ఫ్రెంచ్ ఎక్స్‌ట్రీమిటీ' అని పేరు పెట్టినప్పుడు, అది మెచ్చుకోలు కాదు, ఫిర్యాదు. ఇప్పుడు అదే పేరును అభిమానులు బిరుదులా తగిలించుకు తిరుగుతున్నారు.

కారణం చెప్పినా సినిమా పలచబడదనడానికి కార్లో మిరబెల్లా డేవిస్ తీసిన 'స్వాలో' (2019) చూడండి. పెద్దింటి కోడలుగా వచ్చిన హంటర్ గర్భవతి అయ్యాక తినకూడని వస్తువులు మింగడం మొదలుపెడుతుంది, మొదట ఒక గోళీ, తరువాత అంతకంటే ప్రమాదకరమైనవి. ఆ అద్దాల ఇంట్లో భర్త, అత్తమామలు ఆమె ప్రతి కదలికనూ శాసిస్తారు. ఆమె మాట చెల్లేది ఆమె గొంతు లోపల ఒక్కచోటే. మింగిన వస్తువు మళ్లీ బయటికి వచ్చాక దాన్ని కడిగి, వరుసలో పేర్చుకున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించే గర్వం ఎస్తేర్ ముఖంలోని ఏకాగ్రతకు ఏమాత్రం తీసిపోదు. సినిమా చివరిభాగంలో ఆమె పుట్టుకకు సంబంధించిన కారణం తెలుస్తుంది. తెలిశాక భయం తగ్గలేదు, ఆమె మీద గౌరవం పెరిగింది. దర్శకుడు ఈ కథకు ప్రేరణ తన నాయనమ్మో అమ్మమ్మో అయిన ఒక గృహిణి అని చెప్పాడు, పదేపదే చేతులు కడుక్కునే అలవాటు ఉన్నందుకు ఆవిడను పిచ్చాసుపత్రిలో పెట్టారట. నాకు ఈ కోపం అర్థమవుతుంది. ద వాన్ సినిమాలో కోపమే లేదు, అందుకే దాని చల్లదనం నన్ను భయపెట్టలేదు, విసిగించింది.


రాత్రిడ్యూటీ ఇచ్చిన జవాబు:

నేను మానసిక వైద్య విభాగంలో పని చేస్తాను. సినిమాలను జబ్బుల పాఠాలుగా చూడడం నాకు ఇష్టం ఉండదు కాని, ఈ చర్చలో మూడు వేరువేరు విషయాలు కలిసిపోతున్నాయి కనుక వాటిని విడదీస్తే ఉపయోగపడవచ్చు.

ముక్కు వంకరగా ఉందని, చర్మం మీద మచ్చ ఉందని, ఇతరులకు కనబడని లేదా చాలా స్వల్పమైన లోపం గురించి గంటలకొద్దీ అద్దం ముందు గడపడం, దాన్ని కప్పుకోవడం, దాని గురించి నలుగురినీ అడగడం, ఇదొక రుగ్మత. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించే రుగ్మతల వర్గీకరణ గ్రంథం, దీన్ని అబ్సెసివ్ కంపల్సివ్ (వదలని ఆలోచనలు, ఆపుకోలేని పనులు ఉండే) రుగ్మతల కుటుంబంలో చేర్చింది. 'ది సబ్‌స్టెన్స్'లోని అద్దం సన్నివేశం దీనికి దగ్గరగా వస్తుంది, అయితే అక్కడ లోపాన్ని ఎత్తిచూపేది ఆమె మనసు ఒక్కటే కాదు, ఆమె పరిశ్రమ కూడా. చావాలన్న ఉద్దేశం లేకుండా తనను తాను గాయపరచుకోవడం రెండోది. డీఎస్ఎమ్-5 దీన్ని ఇంకా అధ్యయనం చేయవలసిన స్థితుల జాబితాలోనే ఉంచింది. తన శరీరం తనది కాదన్నట్టు, తానే ఎక్కడో బయట నిలబడి చూస్తున్నట్టు అనిపించడం మూడోది. ఎస్తేర్‌లో తరువాతి రెండూ కలిసి కనబడతాయి, మొదటిదాని జాడ లేదు.

సినిమా ఎక్కడ నిజానికి దగ్గరగా ఉంది, ఎక్కడ దూరంగా ఉంది అని అడిగితే, నాకు దగ్గరగా తోచినవి రక్తపు సన్నివేశాలు కావు. దాపరికం చాలా నిజం. గాయాలకు లెక్క చెప్పడానికి ఆమె ఒక కారు ప్రమాదాన్నే సృష్టిస్తుంది. అంత శ్రమపడి కట్టే అబద్ధాలు మా దగ్గరికి వచ్చేవారి కథల్లో ఉంటాయి. విన్సెంట్ కూడా నిజమైన మనిషే. అతను ప్రేమతోనే అడుగుతాడు, కానీ ఆ అడగడం విచారణలా ఉంటుంది, ఒళ్లు తనిఖీ చేస్తాడు, ఆమె చేసుకున్నది తనకు జరిగిన అవమానంగా తీసుకుంటాడు. అలా అడిగిన ప్రతిసారీ ఆమె ఇంకొంచెం దూరం జరుగుతుంది. ఇళ్లలో తల్లిదండ్రులు, భర్తలు సరిగ్గా ఇలాగే అడిగి తలుపు మూసుకునేలా చేస్తారు. నిజానికి దూరంగా ఉన్నది ఆ ప్రశాంతత. నేను చూసినంతలో ఈ పనికి ముందు భరించలేని ఉద్వేగమో, అంతా మొద్దుబారిన స్థితో ఉంటుంది, తరువాత కాసేపు ఉపశమనం, ఆ వెంటనే సిగ్గు. ఎస్తేర్‌కు సిగ్గు దాదాపు లేదు. ద వాన్ దాన్ని తీసేసి కుతూహలాన్ని మాత్రమే ఉంచింది. అది కళాకారిణిగా ఆమె ఇష్టం, కాని దాన్ని చూసి ఇటువంటి మనుషులు ఇలా ఆనందిస్తారని ఎవరూ అనుకోకూడదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. తమను తాము గాయపరచుకునే అలవాటు ఇప్పుడున్నవారు, గతంలో ఉన్నవారు ఈ సినిమాకు దూరంగా ఉండడమే మంచిది. మాట్లాడడానికి ఎవరైనా కావాలంటే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.


చీకటిహాలు:

ముగ్గురికీ ధన్యవాదాలు. విన్సెంట్ గురించి రాత్రిడ్యూటీ గారు చెప్పింది నాకు అసలు తట్టలేదు. నేను చూస్తున్నంతసేపూ విన్సెంట్ పక్షానే ఉన్నాను, అతను అడిగినవే నేనూ అడగాలనుకున్నాను. బహుశా నాకు కారణం కావాలనిపించడం కూడా ఆ విచారణలో భాగమేనేమో. బెజవాడ ప్రేక్షకురాలు గారు చెప్పిన 'స్వాలో' ఈ వారాంతంలో చూస్తాను. ఇంకొక మాట: ఎస్తేర్ తన ఒంటినుంచి వేరు చేసుకున్న చర్మపు ముక్క సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. ఆమె దాన్ని దాచిపెట్టుకోవడం, పాడవకుండా ఎలా ఉంచాలని మందుల షాపులో అడగడం నాకు మిగతా అన్నిటికంటే వింతగా అనిపించింది. అలాగే, మన భాషలో ఇలాంటి సినిమా ఎందుకు రాలేదో కూడా ఎవరైనా చెప్పగలరా?


ఓరుగల్లు ఇచ్చిన జవాబు:

చర్మపు ముక్కకు ఒక పాత బంధువు ఉంది. డేవిడ్ క్రోనెన్‌బర్గ్ 'ది ఫ్లై' (1986)లో సెత్ బ్రండిల్ శరీరం ఈగ శరీరంతో కలిసిపోయి ఒక్కొక్క భాగమే రాలిపోతుంటే, అతను వాటిని పారేయకుండా బాత్రూములోని మందుల అలమరలో దాచి, దానికి మ్యూజియం అని పేరు కూడా పెట్టుకుంటాడు. శాస్త్రవేత్త కనుక తన పతనాన్ని కూడా ప్రయోగంలాగే నమోదు చేసుకుంటాడు. అయితే బ్రండిల్‌కు శరీరం దానంతటదే ఊడిపోతోంది, అతను చేయగలిగింది ఏమీ లేదు. ఎస్తేర్ తానే వేరు చేసుకొని, వేరు చేసినదాన్ని మళ్లీ తనతోనే ఉంచుకోవాలనుకుంటుంది. అది ఎండి గట్టిపడి తన స్పర్శను కోల్పోయాక ఆమె ముఖంలో కనిపించే నిరాశ, నా లెక్కలో, ఆ సినిమా మొత్తంలో ఆమె అనుభవించే ఏకైక దుఃఖం. కారణం లేదని బాధపడేవారు ఆ దుఃఖాన్ని పట్టుకొని వెనక్కి నడవవచ్చు.

మన సినిమాల సంగతి. శరీరం మీద మోజు మన తెర మీద లేక కాదు, కావలసినంత ఉంది. 2007లో 'దేశముదురు' వచ్చినప్పటినుంచి సిక్స్ ప్యాక్ ఒక ప్రచార అంశమైపోయింది. హీరో ఎన్ని నెలలు ఉప్పు మానేశాడో, ఎన్ని గంటలు కసరత్తు చేశాడో సినిమా కంటే ముందు వార్తగా వస్తుంది. 2015లో 'సైజ్ జీరో' కోసం అనుష్క బరువు పెరగడం గురించీ, తరువాత తగ్గడం గురించీ కథ కన్నా ఎక్కువ రాశారు. అదే సంవత్సరం తెలుగులోకి వచ్చిన శంకర్ 'ఐ'లో విక్రమ్ కండలు పెంచిన లింగేశన్‌గా, ప్రకటనల మోడల్‌గా, వికృతంగా మారిన గూనివాడిగా మూడు శరీరాలు చూపించాడు. సరిగ్గా ఈ చర్చకు కావలసిన ముడిసరుకు ఉన్న సినిమా అది. కాని అందులో శరీరం చెడడం శత్రువులు చేసిన ద్రోహం, కనుక హీరో చేయవలసింది తిరిగి వాళ్ల శరీరాలను చెడగొట్టడం. ప్రతీకారం మొదలైన క్షణంలో అతను తన చర్మం లోపల ఎలా ఉంటున్నాడన్న ప్రశ్న అటకెక్కింది. పైగా వికృత రూపాన్ని శిక్షగా వాడి, అలాంటి రూపం ఉన్నవారిని చూసి హాలంతా నవ్వేలా రాయడం ఆ సినిమాలో నాకు మింగుడుపడని విషయం.

శత్రువు లేకుండా కథ నడపడం మన నిర్మాణ పద్ధతికి కష్టం. అయినా అసాధ్యమేమీ కాదనుకుంటాను. షూటింగుకు ముందు నీళ్లు కూడా మానేసి, నరాలు తేలిన తన పొట్టను అద్దంలో తడుముకుంటున్న ఒక హీరో గురించి, అతని చుట్టూ ఉన్న పదిమందీ అతన్ని మెచ్చుకుంటున్నప్పుడు అతనికి ఆ పొట్ట ఎవరిదో అనిపించడం గురించి, ఫ్లాష్‌బ్యాక్ లేకుండా ఎవరైనా రాస్తే నేను మొదటి ఆటకే వెళతాను. బెజవాడ ప్రేక్షకురాలు గారికి కావలసిన కోపం కూడా అందులో దానంతటదే వస్తుంది, ఎందుకంటే ఆ పొట్టకు డబ్బు పెట్టినవాళ్లు అక్కడే కుర్చీలు వేసుకొని కూర్చుని ఉంటారు.